మేతలో ఒంటబట్టునది ఎంత?

ప్రయోగశాలలో మేత జీర్ణతను కనుగొను పద్ధతులు

రెండు చొప్పవాములు ప్రక్కప్రక్కనే ఉన్నవి. రెండింటి ధర ఒకటే, బరువు ఒకటే. వీనిలో ఏది కొనవలెను? రైతు చొప్ప రంగు చూచును, ఆకు ఎంత ఉన్నదో చూచును, కాడ విరిచి చూచును, వాసన చూచును. అనుభవము గల రైతు అంచనా చాలవరకు నిజమే అగును. కాని కంటికి కనబడని తేడాలు కూడ మేతలో ఉండును. వానిని కనుగొనుటకే ప్రయోగశాల పరీక్షలు ఏర్పడినవి.

ఈ విషయములో నేను చేసిన పొరపాటునే ముందుగా చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక రైతు రెండు రకముల జొన్న చొప్పను పరీక్ష చేయించి, ఆ నివేదికతో నా వద్దకు వచ్చెను. ఒకదానిలో మాంసకృత్తులు కొంచెము ఎక్కువ, రెండవదానిలో కొంచెము తక్కువ. నేను ఆ అంకె ఒక్కటే చూచి, మొదటి చొప్పను కొనుమని చెప్పితిని. అతడు వేసవికి సరిపడ కొనెను. దాణా మార్చకున్నను గేదెల పాలు తగ్గినవి. గాటిలో మోళ్లు మిగిలిపోవుచున్నవని అతడు మరల వచ్చి చెప్పగా, రెండు చొప్పలను జీర్ణత పరీక్షకు పంపితిమి. మాంసకృత్తులు తక్కువగా ఉన్న చొప్పయే ఎక్కువ జీర్ణమగునని తేలినది. మొదటి చొప్ప కోతకోసిన పిదప పొలములో వానకు తడిసినదట. నీటిలో కరగు చక్కెరలు వానకు కొట్టుకొనిపోయి, పీచు మిగిలినది. చక్కెరలు పోయినందున మిగిలిన పదార్థములో మాంసకృత్తుల పాలు పైకి ఎక్కువగా కనబడినది. నివేదిక అబద్ధము చెప్పలేదు. నేను దానిని చదివిన తీరు తప్పు. రైతు సోదరులు అట్టి పొరపాటు చేయకుండుటకే ఈ వ్యాసము.

జీర్ణత అనగా నేమి?

పశువు తిన్న మేతలో పేడగా బయటకు పోగా శరీరములో మిగిలిన భాగమే జీర్ణమైన భాగము. దీనిని నూటికి ఇంత అని చెప్పుదురు. లెక్కకు ఎల్లప్పుడును తేమ తీసివేసిన ఎండు పదార్థమునే తీసికొనవలెను. ఒక గేదె రోజుకు 8 కిలోల ఎండు పదార్థము తిని, 4 కిలోల 400 గ్రాముల ఎండు పేడ వేసినదనుకొనుడు. అప్పుడు జీర్ణమైనది 3 కిలోల 600 గ్రాములు, అనగా నూటికి 45 పాళ్లు. అదే గేదె నూటికి 50 పాళ్లు జీర్ణమగు మేతను అంతే తిన్నచో 4 కిలోలు ఒంటబట్టును. తేడా రోజుకు 400 గ్రాములు, నెలకు 12 కిలోలు.

లాభము ఇంతటితో ఆగదు. త్వరగా జీర్ణమగు మేత పొట్టలోనుండి త్వరగా ఖాళీ అగును, కావున పశువు మరికొంత తినగలదు. మోటు మేత పొట్టలో రెండు మూడు రోజులు నిలిచియుండి, పశువునకు ఆకలి తీరకున్నను పొట్ట నిండినట్లుండును.

పశువు పొట్టలో జరుగు పని

ఆవు, గేదె, గొర్రె, మేక నెమరువేయు పశువులు. వీని మొదటి పొట్టను రూమెన్ అందురు. పెద్ద ఆవులో ఇది వంద లీటర్లకు మించి పట్టును. ఇందులో గాలి చొరదు, వేడి సుమారు 39 డిగ్రీల సెంటిగ్రేడు ఉండును. రూమెన్ రసము ఒక్క మిల్లీలీటరులో సుమారు వెయ్యి కోట్ల బాక్టీరియాలు నివసించును. పీచును ముక్కలుచేయు రసములు పశువు శరీరములో పుట్టవు. ఆ పని చేయునవి ఈ సూక్ష్మజీవులే. ఇవి పీచును పులియబెట్టి ఆమ్లములుగా మార్చును. ఆ ఆమ్లములే పశువునకు శక్తి నిచ్చును. పులియునప్పుడు వెలువడు వాయువులను పశువు త్రేన్పుగా విడుచును. తరువాత ఈ సూక్ష్మజీవులు కూడ దిగువ పొట్టలోనికి జారి అక్కడ జీర్ణమై, పశువునకు మాంసకృత్తులుగా ఉపయోగపడును.

కావున మేతను పరీక్షించుట యనగా, ఈ సూక్ష్మజీవులకు ఆ మేత ఎంతవరకు లొంగునో తెలిసికొనుటయే. దిగువ చెప్పిన పద్ధతులన్నియు ఈ ఒక్క ప్రశ్నకు సమాధానము వెదకునవే.

పశువుపైననే చేయు పరీక్ష

అన్నిటికంటె నమ్మదగినది పశువుకు మేపి చూచుట. నాలుగైదు పశువులను విడివిడిగా కట్టి, పరీక్షించవలసిన మేతను రెండు మూడు వారములు అలవాటు చేయుదురు. తరువాత ఒక వారము రోజులు పెట్టిన మేతను, మిగిల్చిన మోళ్లను, వేసిన పేడను పూర్తిగా తూచి, నమూనాలు తీసి లెక్క కట్టుదురు. ఈ పరీక్షకు ఒక నెల పట్టును, మేత క్వింటాళ్ల కొలది కావలెను, మనుషుల శ్రమ చాల ఎక్కువ. వంద రకముల జొన్నలను పరీక్షింప దలచినచో ఈ విధముగా చేయుట అసాధ్యము. ఒక పిడికెడు చొప్పతో, కొద్దిరోజులలో, ఇంచుమించు ఇదే ఫలితమును రాబట్టుటకు శాస్త్రజ్ఞులు వంద సంవత్సరములకు పైగా ప్రయత్నించిరి.

పాత రసాయన విశ్లేషణ, దాని లోపములు

జర్మనీలో గోటింగెన్ వద్ద గల వీండె అను చోట 1860 ప్రాంతములో హెన్నెబర్గ్, స్టోమాన్ అను శాస్త్రజ్ఞులు ఒక విశ్లేషణ పద్ధతిని ఏర్పరచిరి. తేమ, మాంసకృత్తులు, క్రొవ్వు, పీచు, బూడిద విడివిడిగా కనుగొని, మిగిలినదానిని సులభముగా జీర్ణమగు పిండిపదార్థములుగా లెక్కకట్టుట ఈ పద్ధతి. దాణా సంచులపై నేటికిని ఈ అంకెలే కనబడును.

ఇందులో రెండు లోపములు కలవు. మొదటిది, మాంసకృత్తులను నేరుగా కొలువరు. నత్రజనిని కొలిచి, దానిని 6.25తో హెచ్చింతురు. కావున యూరియాలోని నత్రజని కూడ మాంసకృత్తులుగానే లెక్కకు వచ్చును. వాములో వేడెక్కి నల్లబడిన గడ్డిలో నత్రజని పీచుతో అంటుకొనిపోయి పశువునకు అందదు. అయినను నివేదికలో మాంసకృత్తుల క్రిందనే చేరును. రెండవది, పీచును తీయునప్పుడు మేతను ఆమ్లములోను, క్షారములోను ఉడికింతురు. లిగ్నిన్ అను పదార్థములో కొంత భాగము క్షారములో కరిగిపోయి, సులభముగా జీర్ణమగు పదార్థముల జాబితాలో చేరిపోవును. లిగ్నిన్ అనగా కాడలను గట్టిపరచి, కొయ్యకు కొయ్యతనము నిచ్చు పదార్థము. అది పశువునకు ఏమాత్రము జీర్ణము కాదు. అనగా అన్నిటికంటె పనికిరాని పదార్థమే మంచి పదార్థముగా లెక్కకు వచ్చుచున్నదన్నమాట.

డిటర్జెంటు పద్ధతి

ఈ లోపమును సవరించినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు పీటర్ వాన్ సోస్ట్. ఆయన 1960 దశకములో మేతను డిటర్జెంటు ద్రావణములలో ఉడికించు పద్ధతిని కనుగొనెను. మేత పొడిని ఒక గంటసేపు తటస్థ డిటర్జెంటులో ఉడికించినచో కణముల లోపలి చక్కెరలు, పిండి, మాంసకృత్తులు కరిగిపోయి, కణముల గోడలు మాత్రము మిగులును. దీనిని నివేదికలో ఎన్.డి.ఎఫ్. అని వ్రాయుదురు. ఇది ఎక్కువైన కొలది పశువు తినగల మేత తగ్గును. ఆమ్ల డిటర్జెంటులో ఉడికించినచో సెల్యులోజు, లిగ్నిన్ మిగులును. దీనిని ఎ.డి.ఎఫ్. అందురు. ఇది ఎక్కువైన కొలది జీర్ణత తగ్గును. ఆ మిగిలినదానిపై గాఢ గంధకామ్లము పోసినచో సెల్యులోజు కూడ కరిగి, లిగ్నిన్ తేలును.

జొన్న, సజ్జ, మొక్కజొన్న చొప్పలకు ఈ అంకెలు బాగుగా పనిచేయును. కాని మన వరిగడ్డి ఈ లెక్కకు పూర్తిగా లొంగదు. వరిగడ్డిలో లిగ్నిన్ ఇతర చొప్పలకంటె తక్కువే. ఆ అంకె చూచి వరిగడ్డి మంచి మేత అనుకొనరాదు. వరి మొక్క నేలనుండి సిలికాను, అనగా ఇసుకలో ఉండు పదార్థమును, విశేషముగా పీల్చుకొని ఆకులలో చేర్చుకొనును. సూక్ష్మజీవులు ఆకును తొలుచుకొని పోవుటకు ఈ సిలికా అడ్డువచ్చును. అందుచేత జొన్నలో కాడకంటె ఆకు మంచిదికాగా, వరిలో తరచుగా ఆకుకంటె కాడయే ఎక్కువ జీర్ణమగును. రసాయన విశ్లేషణ ఒక్కటే చాలదనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు. మేతను సూక్ష్మజీవులకే అప్పగించి చూడవలెను.

గాజుగొట్టములో పశువు పొట్ట

ఇంగ్లండులోని హర్లీ గడ్డినేలల పరిశోధన సంస్థలో టిల్లీ, టెర్రీ అనువారు 1963లో ప్రకటించిన పద్ధతి ఈ పని చేయును. పరిశోధన కేంద్రములలో కొన్ని పశువుల ఎడమ డొక్కలో శస్త్రచికిత్స చేసి, రబ్బరు మూతగల ద్వారమును అమర్చియుందురు. పుండు మానిన పిదప ఆ పశువు మామూలుగనే మేయుచు ఏండ్ల తరబడి జీవించును. ఉదయమున మేత వేయకముందు ఆ ద్వారము గుండా రూమెన్ రసమును తీసి, వెచ్చని థర్మాసు ఫ్లాస్కులో ప్రయోగశాలకు తెత్తురు. నాలుగు మడతల పల్చని గుడ్డలో వడకట్టి, పశువు చొంగను పోలిన సోడా ఉప్పుల ద్రావణమును కలుపుదురు. సూక్ష్మజీవులకు గాలి తగిలినచో చచ్చును, కావున బొగ్గుపులుసు వాయువును ఆ రసములోనికి ఊదుచుందురు.

మెత్తగా విసిరిన మేత పొడిని అర గ్రాము గాజుగొట్టములో వేసి, ఈ రసమును పోసి, వాయువు పోవుటకు వీలైన బిరడా బిగించి, పశువు ఒంటి వేడిగల పెట్టెలో 48 గంటలు ఉంచుదురు. అప్పుడప్పుడు కదుపుదురు. ఇది మొదటి పొట్టలో జరుగు పని. తరువాత ఆమ్లమును, పెప్సిన్ అను జీర్ణరసమును కలిపి మరి 48 గంటలు ఉంచుదురు. ఇది దిగువ పొట్టలో జరుగు పని. చివరకు వడకట్టి, ఎండబెట్టి, మిగిలినదానిని తూచుదురు.

ఉదాహరణకు, 500 మిల్లీగ్రాముల మేత వేయగా 290 మిల్లీగ్రాములు మిగిలినదనుకొనుడు. మేత వేయక రసము మాత్రము పోసిన గొట్టములో 30 మిల్లీగ్రాముల మడ్డి ఉన్నది. అది రసముతో వచ్చినది కావున తీసివేయగా, జీర్ణము కాని మేత 260 మిల్లీగ్రాములు. జీర్ణమైనది 240 మిల్లీగ్రాములు, అనగా నూటికి 48 పాళ్లు.

ప్రతి పరీక్షలోను, పశువుపై ముందే పరీక్షించి జీర్ణత తెలిసిన ఒక ప్రమాణ మేతను కూడ ఒక గొట్టములో ఉంచుదురు. రూమెన్ రసము ఒక్కొక్క రోజు ఒక్కొక్క విధముగా ఉండును. రసమునిచ్చిన పశువు తిన్న మేతను బట్టి కూడ మారును. ప్రమాణ మేతకు రావలసిన అంకె రానిచో, ఆ రోజు పరీక్షను కొట్టివేసి మరల చేయవలెను.

వాయువును కొలుచు పద్ధతి

జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయములో మెంకె, ఆయన సహచరులు 1979లో మరియొక ఉపాయమును ప్రకటించిరి. మిగిలిన మేతను తూచుటకు బదులు, పులిసినప్పుడు వెలువడు వాయువును కొలుచుటయే ఈ పద్ధతి. పెద్ద గాజు సిరంజిలో 200 మిల్లీగ్రాముల మేత పొడిని వేసి, రూమెన్ రసము కలిపిన ద్రావణము 30 మిల్లీలీటర్లు పోసి, 39 డిగ్రీల వేడిలో ఉంచుదురు. వాయువు పుట్టిన కొలది సిరంజి దండము పైకి జరుగును. 24 గంటలకు ఎంత జరిగినదో చూచి, మాంసకృత్తులు మున్నగు అంకెలతో కలిపి జీర్ణతను లెక్కకట్టుదురు. గంట గంటకు చూచినచో మేత ఎంత వేగముగా పులియునో కూడ తెలియును.

అయితే వాయువు ఎక్కువ వచ్చినంత మాత్రమున మేత గొప్పదని చెప్పరాదు. మాంసకృత్తులు, క్రొవ్వు ఎక్కువగా ఉన్న మేతలు తక్కువ వాయువునే ఇచ్చును. సూక్ష్మజీవులు పెరుగుటకు వినియోగమైన పదార్థము వాయువుగా బయటపడదు. కావున వాయువు అంకెను ఒకే జాతి మేతల మధ్య పోల్చుటకు వాడవలెను. జొన్న చొప్పను జొన్న చొప్పతో పోల్చవచ్చును. వేరుశనగ కట్టెతో పోల్చరాదు.

నైలాను సంచి, కాంతి పరీక్ష

డొక్కలో ద్వారము అమర్చిన పశువు ఉన్నచో, మేతను సన్నని రంధ్రములుగల నైలాను సంచులలో కట్టి నేరుగా రూమెన్‌లో వ్రేలాడదీయవచ్చును. స్కాట్లండులోని ఓర్‌స్కోవ్, మెక్‌డొనాల్డ్ 1979లో ఈ పద్ధతికి లెక్కల సూత్రము నిచ్చిరి. 6, 12, 24, 48, 72 గంటలకు సంచులను తీసి, కడిగి, ఎండబెట్టి తూచినచో మేత ఏ వేగమున కరుగుచున్నదో తెలియును. అయితే మెత్తని పొడి జీర్ణము కాకయే సంచి రంధ్రములనుండి జారిపోవచ్చును. అదికూడ జీర్ణమైనట్లు లెక్కకు వచ్చును.

నేడు పెద్ద ప్రయోగశాలలలో కంటికి కనబడని పరారుణ కాంతిని మేత పొడిపై ప్రసరింపజేసి, తిరిగివచ్చిన కాంతిని బట్టి ఒకటి రెండు నిమిషములలో జీర్ణతను చెప్పు యంత్రములు కలవు. ఈ యంత్రము తనంతట తాను ఏమియు కనుగొనదు. గాజుగొట్టములలో పరీక్షించిన వందల నమూనాల ఫలితములను దానికి ముందుగా నేర్పవలెను. వరిగడ్డి నేర్పని యంత్రమునకు వరిగడ్డి నిచ్చినచో అది చెప్పు అంకెకు విలువ లేదు.

అయిదు పాళ్లకు బజారులో ధర

ఈ చిన్న తేడాలు నిజముగా లెక్కింపదగినవేనా అను సందేహము కలుగవచ్చును. హైదరాబాదు చొప్ప బజారు దీనికి సమాధానము చెప్పినది. అంతర్జాతీయ పశుసంవర్ధక పరిశోధన సంస్థ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు కలిసి 2004-05లో హైదరాబాదులో అమ్ముడుపోవు జొన్న చొప్పలను వ్యాపారులవద్ద సేకరించి, ధరలు వ్రాసికొని, ప్రయోగశాలలో పరీక్షించిరి. తక్కువ ధర చొప్ప జీర్ణత నూటికి 47 ప్రాంతమున, మేలురకపు చొప్ప జీర్ణత 52 ప్రాంతమున ఉన్నది. ఈ అయిదు పాళ్ల తేడాకు ధరలో సుమారు నాలుగవ వంతు తేడా కనబడినది. పాడి నడుపువారు గాజుగొట్టములను చూచినవారు కారు. పాలచెంబును చూచి నేర్చుకొన్నారు. కావున జొన్న వేయు రైతు గింజ దిగుబడి ఒక్కటే చూచి రకమును ఎన్నుకొనినచో, చొప్పమీద రావలసిన రాబడిని పోగొట్టుకొనవచ్చును.

నమూనా తీయు విధము

ఎంత మంచి ప్రయోగశాలయైనను మీరు పంపిన పిడికెడు చొప్పను గూర్చియే చెప్పగలదు. అందుచేత ఈ జాగ్రత్తలు తీసికొనవలెను.

1. వాము పై పొరను, వానకు తడిసిన అంచును తీసికొనరాదు. వాము నలువైపులనుండి, లోపలి భాగమునుండి పదిహేను ఇరువది చోట్ల గుప్పెడు చొప్పున తీయవలెను.

2. ఆకు, కాడ విడిపోకుండ చిన్న ముక్కలుగా నరికి, బాగుగా కలిపి, గుండ్రముగా పరచి నాలుగు భాగములు చేయవలెను. ఎదురెదురుగా ఉన్న రెండు భాగములు తీసివేయవలెను. ఒక కిలో మిగులువరకు ఇట్లే చేయవలెను.

3. పచ్చిమేత అయినచో కోసిన వెంటనే తూచి, బరువు వ్రాసి, నీడలో ఆరబెట్టవలెను. పొయ్యిమీద గాని, ఎక్కువ వేడిలో గాని ఎండబెట్టరాదు.

4. ప్లాస్టిక్ సంచిలో బూజు పట్టును. గుడ్డసంచిలో గాని కాగితపు సంచిలో గాని పంపవలెను.

5. పైరు, రకము, కోసిన తేదీ, కోసినప్పటి దశ, వానకు తడిసినదా లేదా అను వివరములు వ్రాసిన చీటీని సంచిలో ఉంచవలెను.

నివేదికను చదువు విధము

మొదట అంకెలు ఎండు పదార్థముపై ఇచ్చినవా, పచ్చి బరువుపై ఇచ్చినవా చూడవలెను. తరువాత జీర్ణత అంకెను, ఆ పిదప మాంసకృత్తులను చూడవలెను. పోల్చదలచిన రెండు మేతలను ఒకే ప్రయోగశాలలో, ఒకేసారి, ఒకే పద్ధతిలో పరీక్ష చేయించవలెను. ఒకటి రెండు పాళ్ల తేడాను లెక్కచేయ నవసరము లేదు. నాలుగైదు పాళ్ల తేడా ఉన్నచో అది డబ్బు పెట్టదగిన తేడా.

మాంసకృత్తులు నూటికి 7 పాళ్లకంటె తక్కువైనచో సూక్ష్మజీవులకు నత్రజని చాలదు. వరిగడ్డిలో ఇవి 3, 4 పాళ్లకు మించవు. గాజుగొట్టములో పోయు రసము సూక్ష్మజీవులకు కొంత నత్రజనిని సమకూర్చును. కాని వట్టి వరిగడ్డి మేయు పశువు పొట్టలో అది లభించదు. అందుచేత గొట్టములో వచ్చినంత జీర్ణత పశువులో రాకపోవచ్చును. గడ్డితోపాటు కొంత పచ్చిమేతగాని, చెక్కగాని తప్పక ఇవ్వవలెను.

వరిగడ్డిని యూరియాతో మాగవేయుట మరియొక ఉపాయము. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి, పొరలు పొరలుగా చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ కప్పి మూడు వారములు ఉంచవలెను. యూరియానుండి పుట్టిన అమ్మోనియా కణముల గోడలను సడలించును. ఇట్టి గడ్డిని పరీక్షించినచో జీర్ణత అయిదునుండి పది పాళ్లవరకు పెరిగినట్లు కనబడును. జీర్ణతలో వచ్చిన పెరుగుదల నిజమైన లాభము. మాంసకృత్తుల అంకె రెట్టింపైనట్లు కనబడుట మాత్రము ఎక్కువ భాగము యూరియా నత్రజనియే. ఆరు నెలలలోపు దూడలకు ఈ గడ్డిని పెట్టరాదు. యూరియా నీటిని పశువులకు అందనీయరాదు.

ఈ పరీక్షలు చెప్పలేని సంగతులు కూడ కలవు. లేత జొన్న పైరును మేసిన పశువునకు నాము తగులుటకు కారణమైన విషము జీర్ణత పరీక్షలో బయటపడదు. బూజు విషములు, పురుగుమందుల అవశేషములు కూడ అంతే. వానికి వేరు పరీక్షలు చేయించవలెను.

చివరగా ఒక మాట. ప్రయోగశాల అంకె రైతు అనుభవమునకు తోడు మాత్రమే. పశువుల డాక్టరుగాని, కృషి విజ్ఞాన కేంద్రమువారుగాని నమూనా ఎక్కడికి పంపవలెనో చెప్పగలరు. వేసవికి పెద్ద మొత్తములో మేత కొనుటకు ముందు ఒక్క కిలో నమూనా పంపి జీర్ణత తెలిసికొనుడు. కొన్న తరువాత గాటిలో మిగిలిన మోళ్లను, పేడలో అరగక కనబడు పీచును, పాలచెంబులో వచ్చిన మార్పును గమనించుచుండుడు. నివేదికతో ఈ మూడును ఏకీభవించినప్పుడే ఆ మేత మంచిదని నమ్మవలెను.